నెగ్గని సవరణ

రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు తిరగేసేటప్పుడు నాకొక పాడు అలవాటు ఉంది. నెగ్గిన సవరణలను గబగబా దాటేసి, ఓడిపోయినవాటి దగ్గర తీరిగ్గా కూర్చుంటాను. నెగ్గినవి ఎలాగూ రాజ్యాంగంలో ఉన్నాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చదువుకోవచ్చు. ఓడినవాటికి ఆ పాత సంపుటాలు తప్ప వేరే దిక్కు లేదు. అలా కూర్చున్నప్పుడే ఎనిమిదో సంపుటంలో ప్రొఫెసర్ శిబ్బన్‌లాల్ సక్సేనా తగిలారు.

ఎన్నికల సంఘం గురించి చెప్పే 324వ అధికరణలో రెండో క్లాజు ఉంది. ప్రధాన ఎన్నికల కమిషనర్‌నూ, ఇతర కమిషనర్లనూ రాష్ట్రపతి నియమిస్తారని దాని సారాంశం. మధ్యలో ఒక చిన్న మెలిక ఉంటుంది: ఆ నియామకం, పార్లమెంటు ఈ విషయమై ఏదైనా చట్టం చేస్తే దానికి లోబడి జరగాలి. కళ్లు అలా జారిపోయే మాటలివి. న్యాయశాస్త్రం చదివేవాళ్లు కూడా మొన్న మొన్నటిదాకా వీటిని పెద్దగా పట్టించుకోలేదు. ఆ మెలిక అక్కడికి ఎలా వచ్చిందన్నదే ఈ కథ. వచ్చిన తర్వాత 74 ఏళ్లు ఏం చేసిందన్నది రెండో సగం.

సక్సేనా కార్యక్షేత్రం గోరఖ్‌పూర్. అక్కడి సెయింట్ ఆండ్రూస్ కాలేజీలో పాఠాలు చెప్పారు. స్వాతంత్ర్యోద్యమంలోకి దిగాక చెరకు రైతుల మధ్య, చక్కెర మిల్లుల కార్మికుల మధ్య పనిచేశారు, జైళ్లకు వెళ్లారు. మహారాజ్‌గంజ్ ప్రాంతంలో ఇప్పటికీ ఆయన పేరు గౌరవంగా తలుచుకుంటారు. రాజ్యాంగ సభలో మాత్రం ఆయన ముసాయిదా కమిటీలో లేరు, పేరుమోసిన న్యాయకోవిదుడూ కారు. కానీ ఏ అధికరణ చర్చకు వచ్చినా చేతిలో ఒక సవరణ పట్టుకుని లేచేవారు. పీఠికను దేవుడి పేరుతో, గాంధీజీ స్మరణతో మొదలుపెట్టాలని సవరణ తెచ్చి, తర్వాత ఉపసంహరించుకున్నది కూడా ఈయనే. ఏ సభలోనైనా ఇలాంటి సభ్యుడు ఒకరు ఉంటారు. ఆయన లేచాడంటే పక్కవాళ్లు గడియారం చూసుకుంటారు. చరిత్ర తర్వాతెప్పుడో వచ్చి వెతుక్కునేది కూడా చాలాసార్లు ఆయన మాటలనే.

1949 జూన్ 15న అంబేడ్కర్ 289వ అధికరణను కొత్త రూపంలో సభ ముందు పెట్టారు. ఇప్పటి 324కి అదే అప్పటి నంబరు. 1948 నాటి ముసాయిదా ప్రకారం కేంద్రానికి ఒక ఎన్నికల సంఘం, రాష్ట్రాలకు వాటి వాటి సంఘాలు విడివిడిగా ఉండాలి. రాష్ట్రాల సంఘాలను గవర్నర్లు నియమించాలి. కొత్త రూపంలో దాన్నంతా తీసేసి, దేశమంతటికీ ఒకే సంఘం అన్నారు. మార్పు పెద్దదేనని అంబేడ్కరే ఒప్పుకున్నారు. కారణమూ చెప్పారు. కొన్ని ప్రాంతాల్లో భాష వేరనో, జాతి వేరనో, సంస్కృతి వేరనో కొందరిని ఓటర్ల జాబితాల్లో చేర్చకుండా పక్కన పెడుతున్నారనీ, అక్కడి ప్రభుత్వాలే అలా నడిపిస్తున్నాయనీ ముసాయిదా కమిటీకి కబురందింది. దేశ విభజన గాయాలు ఆరని రోజులవి. కాందిశీకులు ఇల్లూ ఊరూ వెతుక్కుంటున్న కాలం. 17 కోట్ల పైచిలుకు మంది పేర్లతో జాబితా తయారు చేయాల్సిన పని అప్పటికే మొదలైంది. జాబితాలోంచి పేరు ఎగిరిపోతే ఆ మనిషికి ఓటు హక్కు కాగితం మీదే మిగులుతుంది.

దాంతో రెండు రోజుల చర్చలో ఎక్కువ భాగం రాష్ట్రాల మీదే నడిచింది. రాష్ట్రాలను ఇంతగా నమ్మకపోతే ఇంక సమాఖ్య ఏమిటని హెచ్.వి. పటాస్కర్ అడిగారు. అస్సాం నుంచి వచ్చిన కులధర్ చలిహా నొచ్చుకున్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ ధ్యాసలో పడి చాలామంది చూడని చోటు ఒకటి సక్సేనా కంట పడింది.

అంబేడ్కర్ ఏర్పాటు ఇదీ: ప్రధాన ఎన్నికల కమిషనర్ శాశ్వతంగా ఉంటారు. ఆయన్ని తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత పని చేయాలి, అంటే పార్లమెంటు రెండు సభల్లోనూ హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అదనపు కమిషనర్లు ఎన్నికలప్పుడు అవసరమైతే వస్తారు, లేకపోతే లేదు. ప్రభుత్వం కన్నెర్ర చేసినా ప్రధాన కమిషనర్ కుర్చీ కదలదన్నమాట. సభ్యులకు ఇది బాగానే తోచింది.

సక్సేనా లేచి, కుర్చీ కదలదు సరే, అందులో కూర్చోబెట్టేది ఎవరని అడిగారు. రాష్ట్రపతి అంటున్నారు. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడుస్తారు కనుక నియమించేది నిజానికి ప్రధానమంత్రి. ఇప్పటి ప్రధాని మీద ఆయనకు అనుమానం లేదు. రేపు వచ్చే ఎన్నికల్లో ఎలాగైనా గెలవాలనుకునే అధికార పార్టీ ఒకటి తన వీరవిధేయుణ్ణి తెచ్చి ఆ కుర్చీలో పెడితే? అప్పుడు మనం కట్టిన రక్షణ గోడే అతనికి కోట అవుతుంది. పెట్టడానికి ఒక్కరి మాట చాలు, తీయడానికి మాత్రం మూడింట రెండొంతులు కావాలి.

ఇక్కడ నేను కాస్త ఆగాను. ఇంటికి వెనక తలుపున నాలుగు గడియలు బిగించి, ముందు తలుపు బార్లా తెరిచినట్టుంది ఆ ఏర్పాటు. రాజ్యాంగం రాసిన మహా మేధావుల దృష్టి అంతా వెనక తలుపు మీదే నిలిచిపోవడం వింత. బహుశా బ్రిటిషు పాలన నేర్పిన భయం అది. తమ కళ్ల ముందు నిజాయతీపరులైన అధికారులను బదిలీ చేయడం, తప్పించడం చూసినవాళ్లు కనుక తొలగింపే వాళ్లకు పెద్ద ప్రమాదంగా కనిపించి ఉంటుంది.

సక్సేనా సవరణ సాదాసీదాది. వెనక తలుపుకు ఏ తాళం వేశారో ముందు తలుపుకూ అదే వేయండి. రాష్ట్రపతి ప్రధాన కమిషనర్‌ను నియమించవచ్చు, కానీ ఉభయ సభల సంయుక్త సమావేశంలో మూడింట రెండొంతుల మెజారిటీ ఆ నియామకాన్ని ధ్రువీకరించాలి. అలాగైతే పాలక పక్షంతో పాటు ఎదుటి పక్షాలు కూడా నమ్మిన మనిషే వస్తాడు.

ఆయన రెండో అభ్యంతరం ఇంకా ఆసక్తికరం. ఎన్నికలు ఐదేళ్లకోసారే కదా, కమిషన్ మొత్తాన్ని శాశ్వతంగా కూర్చోబెడితే పనేముంటుందన్నది ముసాయిదా కమిటీ వాదన. కె.ఎం. మున్షీ కూడా దీన్నే సమర్థించారు. సక్సేనా లెక్క వేరు. మనది అమెరికాలా నిర్ణీత కాలానికి జరిగే ఎన్నికల పద్ధతి కాదు. మంత్రివర్గాలు పడిపోతాయి, శాసనసభలు మధ్యలో రద్దవుతాయి. సంస్థానాలు కలిశాక 30 దాకా రాష్ట్రాలున్నాయి. మొదటి ఎన్నికలు అన్నిచోట్లా ఒకేసారి జరిగినా, పది పన్నెండేళ్లు గడిచేసరికి ఆ వరస చెదిరిపోతుంది. ఆ తర్వాత దేశంలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఎన్నిక నడుస్తూనే ఉంటుంది. కనుక కమిషన్‌లో అందరూ శాశ్వత సభ్యులే కావాలన్నారు.

ఇది 1949లో చెప్పిన మాట, అప్పటికి దేశంలో ఒక్క సార్వత్రిక ఎన్నిక కూడా జరగలేదు. 1967 దాటాక సరిగ్గా ఆయన చెప్పినట్టే వరస చెదిరింది. ఇవాళ జమిలి ఎన్నికల మీద టీవీల్లో గొంతు చించుకునేవాళ్లలో ఎందరికి ఈ ప్రొఫెసరు గారు గుర్తున్నారో!

మర్నాడు హృదయనాథ్ కుంజ్రూ అందుకున్నారు. ఎన్నికల యంత్రాంగం చెడితే ప్రజాస్వామ్యానికి ఊటలోనే విషం కలిసినట్టని ఆయన భావం. ప్రధాన కమిషనర్‌కు ఇచ్చిన రక్షణ మిగతా కమిషనర్లకు లేదనీ, అంతా కేంద్ర ప్రభుత్వం చేతిలోకి పోతోందనీ, ఇలాంటివి చట్టం చేసే పార్లమెంటుకు వదలాలనీ వాదించారు. కుంజ్రూ మాటను తేలిగ్గా తీసుకునే ధైర్యం ఆ సభలో ఎవరికీ ఉండేది కాదు.

జూన్ 16న అంబేడ్కర్ ఇచ్చిన జవాబు నాకు మరీ ఇష్టం. ప్రతివాదిని చిత్తు చేసే పట్టుదల అందులో కనిపించదు. సక్సేనా అన్నదాంట్లో చాలా బలముందని మొదటే ఒప్పుకున్నారు. ఆ పదవిలోకి మూర్ఖుడో, ధూర్తుడో, పాలకుల చెప్పుచేతల్లో ఉండేవాడో రాకుండా ఆపే ఏర్పాటు లేనప్పుడు, పదవీకాలానికి ఎంత భద్రత ఇచ్చి ఏం లాభమన్నారు. ఈ ప్రశ్న తనకు చాలా తలనొప్పి తెచ్చిందనీ, ఇది సభకూ తలనొప్పి తెస్తుందనీ కూడా అన్నారు. అమెరికాలో అధ్యక్షుడి నియామకాలను సెనేట్ ఆమోదించే పద్ధతిని తాను తిరగేసి చూశానన్నారు. దానికి బదులు రాష్ట్రపతికి ఒక సూచనల పత్రం రాసి, నియామకాలు ఎలా జరపాలో అందులో చెప్పవచ్చనే ఆలోచన ముసాయిదా కమిటీలో నలిగింది. అయితే ఆ పత్రాన్ని రాజ్యాంగానికి జోడించడానికి సభ ఒప్పుకుంటుందన్న నమ్మకం ఆయనకు లేదు.

అప్పుడు వచ్చింది ఆ మెలిక. పార్లమెంటు చేసే చట్టానికి లోబడి. సూచనల పత్రం ఒకవేళ రాకపోయినా, నియామకాల పద్ధతిని రేపటి పార్లమెంటు చట్టంలో రాసుకుంటుంది. సక్సేనా సవరణ నెగ్గలేదు. ఆయన అడిగిన తాళం బిగించకుండా, తాళం బిగించుకోవడానికి చోటు మాత్రం చెక్కి పెట్టారు. సూచనల పత్రం తర్వాత రానే లేదు. చెక్కిన చోటు మాత్రం మిగిలింది.

అంబేడ్కర్ మీద గౌరవంతోనే ఒక మాట అంటాను. ఆయన ప్రశ్నను పూర్తిగా ఒప్పుకుని, జవాబును మాత్రం వాయిదా వేశారు. ఎవరిని అదుపు చేయాలని ఆ చట్టం అవసరమైందో, దాన్ని చేయాల్సిన మెజారిటీ కూడా వాళ్లదే. పిల్లినే పిలిచి మెడలో గంట కట్టుకోమన్నట్టు అయింది.

సక్సేనా తాళం అప్పుడే బిగించి ఉంటే అంతా బాగుండేదని కూడా నేను అనలేను. 1952 లోక్‌సభలో 489 స్థానాలకు గాను కాంగ్రెస్‌వి 364. 1957లో 494కి 371. 1962లో 494కి 361. ప్రతిసారీ మూడింట రెండొంతులను దాటేసింది. లోక్‌సభ వరకూ చూస్తే ఆ 15 ఏళ్లూ ఆయన తాళం ఉన్నా లేనట్టే, పాలక పక్షం ఒక్కటే దాన్ని తీసుకోగలిగేది. తాళం పని పడేది 1967 నుంచి, మరీ ముఖ్యంగా 1989 తర్వాత, ఏ పార్టీకీ సొంతంగా సగం సీట్లు కూడా రాని పాతికేళ్లలో. అంటే ఆయన రాసింది తన కాలానికి పనికొచ్చే సవరణ కాదు.

324వ అధికరణకు ఒక విశేషం ఉంది. రాజ్యాంగంలో చాలా భాగం 1950 జనవరి 26న అమల్లోకి వస్తే, ఇది 1949 నవంబర్ 26నే వచ్చేసింది. 1950 మార్చిలో సుకుమార్ సేన్ మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యారు, ఎనిమిదేళ్లకు పైగా ఉన్నారు. మనిషి మంచివాడు కావడంతో చట్టం అవసరం ఎవరికీ తోచలేదు. తర్వాత వచ్చిన ప్రధానులు, పార్టీలేవైనా, ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నారు. నియామకం మన చేతిలో ఉంది కదా, కదపడం ఎందుకు?

కదిలించినప్పుడు తగిలింది మన తెలుగువారికి. 1986 నుంచి ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్న ఆర్.వి.ఎస్. పేరిశాస్త్రి అప్పటిదాకా సాగిన ఏకసభ్య సంప్రదాయంలోనే పనిచేస్తున్నారు. 1989 అక్టోబరులో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఉన్నట్టుండి ఆయన పక్కన ఎస్.ఎస్. ధనోవా, వి.ఎస్. సీగెల్ అనే ఇద్దరిని కూర్చోబెట్టింది. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. 1990 జనవరి మొదట్లోనే వి.పి. సింగ్ ప్రభుత్వం ఆ రెండు పదవులనే ఎత్తేసింది. ధనోవా కోర్టుకు వెళ్లినా 1991లో సుప్రీంకోర్టు ఆయన సవాలును తోసిపుచ్చింది. వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో, పోయినవాళ్లు ఎందుకు పోయారో చెప్పడానికి ఒక్క నిబంధన లేదు. అవసరాన్ని బట్టి కమిషనర్లను పెంచి తగ్గించే వీలు వద్దని, అందరూ శాశ్వతంగా ఉండాలని సక్సేనా గింజుకున్నది ఇందుకే.

పేరిశాస్త్రి తర్వాత 1990 నవంబరు చివర్లో వి.ఎస్. రమాదేవి ఆ కుర్చీలోకి వచ్చారు. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలు ఆడపడుచు, ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ. రెండు వారాల పైచిలుకు మాత్రమే ఉన్నారు. డిసెంబరు 12న టి.ఎన్. శేషన్ వచ్చారు. శేషన్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను, ఒక్క విషయం తప్ప. 1993 అక్టోబరు 1న పి.వి. నరసింహారావు ప్రభుత్వం శేషన్ పక్కన ఎం.ఎస్. గిల్‌నూ, మన జి.వి.జి. కృష్ణమూర్తినీ నియమించి, ముగ్గురికీ సమానాధికారాలిచ్చి, మెజారిటీ మాట చెల్లుతుందంది. శేషన్ సుప్రీంకోర్టుకెక్కారు, 1995లో ఓడిపోయారు. త్రిసభ్య కమిషన్ అప్పటి నుంచీ నిలిచింది. సక్సేనా కోరిన శాశ్వత బహుసభ్య కమిషన్ 44 ఏళ్ల తర్వాత, ఒక మొండి అధికారిని అదుపు చేయాలన్న ఆలోచనలోంచి వచ్చింది. మంచి పని ఎప్పుడూ మంచి కారణంతోనే జరగాలని ఎక్కడుంది!

మధ్యలో చట్టం గురించి అనుకున్నవాళ్లు లేకపోలేదు. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ, భారత ప్రధాన న్యాయమూర్తినీ ప్రతిపక్ష నేతనూ సంప్రదించి ప్రధాన కమిషనర్‌ను నియమించాలంది. దాన్ని పట్టుకుని తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లును తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ప్రధానమంత్రి, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తి కలిసి ఎంపిక చేయాలంది. నివేదికలన్నీ బీరువాల్లోకి చేరాయి.

బీరువా తలుపు తీసింది అనూప్ బరన్వాల్ కేసు. 2015లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం 2018లో రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లి, 2022 నవంబరులో జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నాయకత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల ముందు విచారణకు వచ్చింది. విచారణ నడుస్తుండగానే ఒక సంగతి జరిగింది. మే నుంచి ఖాళీగా ఉన్న కమిషనర్ పదవికి, నవంబరు 18న స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్న అధికారి అరుణ్ గోయల్‌ను మర్నాడే నియమించారు. దస్త్రం తెప్పించుకుని చూసిన న్యాయమూర్తులు, ఆరు నెలలు కదలనిది ఒక్క రోజులో ఇంత వేగంగా ఎలా కదిలిందని నిలదీశారు. 73 ఏళ్ల కిందట రాజ్యాంగ సభలో ఊహించి చెప్పిన పరిస్థితికి చేతికందే ఉదాహరణ దొరికినట్టయింది. ఆ అధికారి మంచి చెడ్డల గురించి కాదు, పద్ధతి గురించే ప్రశ్న.

2023 మార్చి 2న తీర్పు వచ్చింది. రాజ్యాంగ సభ చర్చను న్యాయమూర్తులు విప్పి చదివారు, సక్సేనా వాదననూ అంబేడ్కర్ ఒప్పుకోలునూ పేజీలకెక్కించారు. చట్టం వస్తుందన్న ఆశతో పెట్టిన మెలికను పార్లమెంటు ఇన్నేళ్లూ ఖాళీగా వదిలేసిందన్నారు. పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రధానమంత్రి, లోక్‌సభలో ప్రతిపక్ష నేత, భారత ప్రధాన న్యాయమూర్తి ముగ్గురి కమిటీ సలహాపై నియామకాలు జరగాలని ఆదేశించారు. ఓడిపోయిన ఒక సవరణకు ఇంతకన్నా పెద్ద గౌరవం నేనైతే చూడలేదు.

నా మటుకు నాకు ఈ ఏర్పాటు మీద కూడా చిన్న పేచీ ఉంది. న్యాయమూర్తిని కమిటీలో కూర్చోబెట్టడం, సక్సేనా అడిగినదీ ఒకటి కావు. ఆయన పెద్దమనిషి మధ్యవర్తిత్వం అడగలేదు. ఎన్నికల్లో ఒకరితో ఒకరు తలపడబోయే పక్షాలు ముందుగా అంపైర్ ఎవరో ఒప్పుకోవాలన్నారు. ఎదుటివాడి సమ్మతి లేకుండా పని జరగని లెక్క ఆయనది. పల్లెల్లో చెడుగుడు ఆడే పిల్లలకు కూడా ఈ లెక్క తెలుసు. రెండు జట్లూ ఒప్పుకోనివాడు గీత దగ్గర నిలబడితే ఆట మొదలవదు.

అయినా ఆ ఏర్పాటు ఏడాది కూడా నిలవలేదు. అదే ఏడాది ఆగస్టు 10న ప్రభుత్వం రాజ్యసభలో బిల్లు పెట్టింది. డిసెంబరులో రెండు సభలూ ఆమోదించాయి. 1949లో చెక్కి పెట్టిన చోట్లో, 74 ఏళ్ల తర్వాత, చివరికి ఒక చట్టం వచ్చి కూర్చుంది. లోక్‌సభలో ఆ బిల్లు గట్టెక్కిన డిసెంబరు 21 నాటికి ప్రతిపక్ష సభ్యుల్లో చాలామంది సస్పెన్షన్‌లో సభ బయట ఉన్నారు. కమిషనర్లను ఎంపిక చేసే కమిటీలో ఎవరెవరు ఉండాలో చట్టంలోని ఏడో సెక్షన్ చెబుతుంది: ప్రధానమంత్రి, ప్రతిపక్ష నేత, ప్రధానమంత్రి ఎంచుకున్న ఒక కేంద్ర మంత్రి. ప్రధాన న్యాయమూర్తి లేరు. ఈ చట్టం కింద 2024 మార్చి 14న ఇద్దరు కమిషనర్లను నియమించినప్పుడు, కమిటీలో ప్రతిపక్షం తరఫున ఉన్న అధీర్ రంజన్ చౌదరి తన అసమ్మతి తెలిపారు. నియామకాలు జరిగిపోయాయి. చట్టం మీద సవాళ్లు సుప్రీంకోర్టుకు చేరాయి.

ప్రధాన కమిషనర్‌ను తొలగించే నిబంధన మాత్రం మారలేదు. అందుకు ఇప్పటికీ రెండు సభల్లోనూ సక్సేనా చెప్పిన ఆ మూడింట రెండొంతులే కావాలి. నియామకానికి ప్రధాని, ఆయన మంత్రి చేతులెత్తితే చాలు. ముగ్గురిలో ఇద్దరు. లెక్కకు అదీ మూడింట రెండొంతులే.